ఇసకలో కూరమడి



సముద్రం పక్కనున్న మన ఉద్దానంలో చెట్టు పెట్టడం ఎవరికీ ఒకరు నేర్పక్కర్లేదు. కొబ్బరి, జీడి, పనస, మామిడి. తాత నాటితే మనవడు తింటాడన్న లెక్కమీదే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్ళన్నీ బతికాయి. అంత పచ్చటి తోటల మధ్య ఉన్న ఇంట్లో కూడా, పొద్దున కూరకి ఏముందీ అంటే, సంచి పట్టుకుని కాశీబుగ్గ బజారుకి పోవలసిందే. పెరట్లో నాలుగు వంగమొక్కలు పెట్టుకోరాదా అని అడిగి చూడండి. "ఇసకలో ఏటి పండుతాది బావూ! నీళ్ళోస్తే నీళ్ళు తాగేస్తాది, గెత్తమేస్తే గెత్తం తినేస్తాది" అంటారు. ఆ మాట నిజమే. ఆ నిజం దగ్గరే మొదలుపెడదాం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. తరతరాల కొబ్బరి, జీడి ఒక్క పూటలో నేలమీద పడ్డాయి. కొత్త కొబ్బరి మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. తోటకూర చల్లితే నెల తిరక్కుండా కంచంలో ఉంటుంది. కొబ్బరి ఇచ్చే డబ్బు తోటకూర ఇవ్వదు, ఆ పోలికే తప్పు. పెద్ద చెట్టుమీద బతికే ఇంటికి పక్కన ఒక చిన్న ఆసరా ఉండాలని మాత్రం ఆ ఏడాది చాలామందికి తెలిసొచ్చింది.

ఎంత చోటు కావాలి? మొదటిసారి మొదలుపెట్టేవాళ్ళు చేసే పని ఏమిటంటే, పెరడంతా తవ్వేసి, పది పొట్లాల విత్తనాలు తెచ్చి, అన్నీ ఒకే ఆదివారం చల్లేస్తారు. మూడో వారానికి కలుపు మోకాలెత్తు వస్తుంది, నీళ్ళు మొయ్యలేక నడుం పట్టేస్తుంది, తోటకి దండం పెట్టేస్తారు. మొదటి ఏడాదికి రెండు మడులు, ఒక పాదు చాలు. మడి మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. వెడల్పు అంతకు మించితే నడిమికి చెయ్యి అందదు, కాలు పెట్టి తొక్కవలసి వస్తుంది. పాదు అంటే ఆనపకో బీరకో ఒక గుంట, దానికో పందిరి.

దీంతో ఇంటికి కూర సరిపోతుందా? సరిపోదు, ముందే చెప్పేస్తున్నాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురున్న ఇంటికి కిలోన్నర పైమాటే. రెండు మడులు అంత ఎక్కడ ఇస్తాయి? వారానికి రెండు సార్లు ఆకుకూర, కాపు మొదలైతే ఒకటి రెండు నెలలు ఆనపకాయలు, అడపాదడపా బెండకాయ. మొదటి ఏడాదికి అది గట్టి పంటే.

చోటు ఎంచుకునేటప్పుడు నీడ చూసుకోండి. కూరగాయలకి అయిదారు గంటల ఎండ తగలాలి. వరసల మధ్య ఎడం బాగా ఉన్న పెద్ద కొబ్బరితోటలో ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుంది, ఆకుకూరలు సర్దుకుంటాయి. జీడిచెట్టు కింద మాత్రం ఏదీ ఎదగదు. గుబురు నీడ, దానికి తోడు పైపైనే పాకే వేర్లు. ఎక్కడ పెట్టాలో తేలకపోతే ఉదయం ఎనిమిదికి, పన్నెండుకి, మూడుకి పెరట్లోకి వెళ్ళి ఎండ ఎక్కడుందో చూసుకుని, ఆ చోట ఒక పుల్ల పాతండి.

ఇక మట్టి. గుప్పెడు మట్టి తడిపి పిడికిలి బిగించి, వదలండి. ముద్ద నిలబడకుండా పొడిగా రాలిపోతే ఇసక. ముద్దయి, వేలితో సాగదీస్తే రిబ్బనులా సాగితే బంకమట్టి. టెక్కలి వైపు వరిపొలాల పక్కనుండే ఇళ్ళలో ఈ రెండోది ఎక్కువ కనిపిస్తుంది. ఈ రెండింటికీ చెయ్యాల్సిన పని పూర్తిగా ఎదురు. సెల్‌ఫోను వీడియోల్లో ఎవరు చూసినా మట్టి ఎగదోసి ఎత్తు మడులు కట్టిస్తున్నారు. టెక్కలి బంకమట్టికి అది సరైన పద్ధతే, వానాకాలంలో వేరు కుళ్ళకుండా ఉంటుంది. ఉద్దానం ఇసకలో ఎత్తు మడి కడితే మధ్యాహ్నానికి ఎండిపోతుంది. ఇక్కడ మడిని దించాలి. నేల మట్టానికి నాలుగు అంగుళాలు లోతుగా ఉండాలి, పోసిన నీరు పక్కకి జారకుండా.

దించే పని ఇలా. అడుగున్నర లోతు తవ్వి, మట్టి పక్కన పోసుకోండి. అడుగున కొబ్బరి డొక్కలు ఒక వరస పరవండి, గుంట వైపు పైకి వచ్చేలా. కొబ్బరితోటల్లో చెట్టు చుట్టూ డొక్కలు పాతడం మనకి కొత్త కాదు, అదే పని కూరమడికి చెయ్యమంటున్నాను. నానిన డొక్క తన బరువుకి కొన్ని రెట్లు నీళ్ళు పట్టి ఉంచుతుంది. పైనుంచి జారిపోయే నీటిని అక్కడ ఆపేది అదే. కొత్త డొక్కలకన్నా ఒక వానాకాలం తడిసి నల్లబడిన పాత డొక్కలు మేలు. ఆపైన తీసిన మట్టిలో మూడో వంతు బాగా చివికిన గెత్తం, అంటే పశువుల ఎరువు, కలిపి, పైన నాలుగు అంగుళాలు వెలితి ఉంచి నింపండి. చివికింది అని గట్టిగా అంటున్నాను. చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకూడదు, తొలకరి మట్టి వాసన రావాలి. వేడి చల్లారని పేడ వేస్తే మొలకలు మాడిపోతాయి, చెదలు పడతాయి. చెరువు మట్టి దొరికితే రెండు తట్టలు కలపండి, ఇసకకి కాస్త పట్టు వస్తుంది.

పీచు తీసే చోట్ల గుట్టలుగా పడి ఉండే కొబ్బరి పొట్టు కూడా పనికొస్తుంది. అయితే అందులో ఉప్పు, వగరు ఉంటాయి. గోనెసంచిలో వేసి, నీళ్ళలో నానబెట్టి పిండి, మళ్ళీ నానబెట్టి పిండి, గోధుమరంగు నీళ్ళు రావడం ఆగాక వాడుకోవాలి. పలాసలో ఎక్కువగా దొరికే మరో వస్తువు జీడిపిక్కల పెంకు. దాన్ని మడిలో వెయ్యకండి, కుప్పలో కూడా వెయ్యకండి. పెంకులో ఉండే జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది, పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే అదెంత ఘాటో తెలుస్తుంది. జీడాకులు మాత్రం దివ్యంగా పనికొస్తాయి. నెమ్మదిగా కుళ్ళుతాయి కాబట్టి మొక్కల మధ్య పరిస్తే ఎండాకాలమంతా నేల కప్పుకుని ఉంటాయి.

కుప్ప అన్నాను కదా, ఇంటి చెత్త కుప్ప గురించి ఉద్దానానికే పరిమితమైన ఒక జాగ్రత్త. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్ళలో తిరిగే ఎలుగుబంట్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పనసతొనల చెత్త, కుళ్ళిన పనసకాయ పైన పారేస్తే వాటిని మనమే పిలిచినట్టు. గుంటలో వేసి, పైన జానెడు మట్టి కప్పండి.

జీవామృతం సంగతి చాలామంది అడుగుతారు. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళు 200 లీటర్ల డ్రమ్ములో చేసేదాన్ని మనం బకెట్టుకి తగ్గించుకోవచ్చు. పది లీటర్ల నీళ్ళు, అరకిలో ఆవుపేడ, పావు నుంచి అరలీటరు మూత్రం, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల శనగపిండి, చెట్టుకింది మట్టి పిడికెడు. రెండు రోజులు నీడన ఉంచి, పూటపూటా కర్రతో కలిపి, నీళ్ళతో పలచన చేసి పాదుల్లో పొయ్యాలి. గెత్తం వేసిన మడిలో ఇది బాగా పనిచేస్తుంది. ఒట్టి ఇసకలో పోసి అద్భుతాలు జరుగుతాయని చూస్తూ కూర్చోవడం నాకు నచ్చదు.

మొదట చల్లవలసింది తోటకూర. దీనికన్నా త్వరగా ధైర్యం ఇచ్చే పంట లేదు. గింజ ఆవగింజకన్నా సన్నం, ఒకచోటే ఒత్తుగా పడిపోతుంది. పిడికెడు ఇసకలో చిటికెడు గింజ కలిపి చల్లండి, ఇసకకి మనకి లోటా! పైన మట్టి కప్పక్కర్లేదు, చీపురుతో ఒకసారి అలా అనండి చాలు. మడి అంచున బూడిదో పసుపో గీతలా పొయ్యండి, లేకపోతే గింజలన్నీ చీమలు మోసుకుపోతాయి. నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది, పాతిక ముప్ఫై రోజుల్లో కూర. రెండో మడిలో గోంగూర, బెండ. బెండ ఆరేడు వారాలకి కాపుకొస్తుంది. రోజు విడిచి రోజు కొయ్యాలి, మూడో రోజుకి కాయ ముదిరి పీచవుతుంది. విత్తనాలకి మీ రైతు సేవా కేంద్రంలోనో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలోనో అడగండి. అన్నిటికన్నా ముందు పక్కింటి అప్పని అడగండి. మీ ఊరి గాలికీ ఉప్పుకీ అలవాటుపడిన ఆనప గింజ ఆవిడ చూరులో ఉండవచ్చు.

పాదుకి ఆనప. గింజల్ని రాత్రంతా నానబెట్టి మూడు పెట్టి, మొలిచాక బలంగా ఉన్న ఒక్కటి ఉంచండి. మూడూ ఉంచుతామంటారు చాలామంది, తీసెయ్యడానికి చెయ్యి రాదు. తియ్యకపోతే ఏదీ సరిగా కాయదు. తీగ పందిరెక్కి పూలు మొదలవగానే బెంగ కూడా మొదలవుతుంది, "పువ్వులన్నీ రాలిపోతన్నాయి" అని. మొదట వచ్చేవన్నీ మగపూలే, అవి రాలడమే ధర్మం. ఆడపువ్వుకి రేకుల వెనకాల చిటికెన వేలంత పిందె ముందే ఉంటుంది, నూగుతో మెరుస్తూ. ఆ పిందెలు కూడా పసుపెక్కి రాలుతుంటే అప్పుడు చూడాలి. ఆనపపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, దానికి పుప్పొడి తెచ్చేవి చీకటిపూట తిరిగే రెక్కల పురుగులు. వీధి లైటు, ఇంటి లైటు మధ్య అవి రాకపోతే పని మనమే చెయ్యాలి. పొద్దు వాలాక ఒక మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, నడిమి కాడని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. వారంలో పిందె కిందికి వంగి బరువెక్కితే పని జరిగినట్టే. ఒక్క హెచ్చరిక. ఏ ఆనపకాయైనా కొసన కొరికి చూసినప్పుడు చేదుగా ఉంటే పారెయ్యండి, వండకండి, జ్యూసు అసలే తియ్యకండి. ఆ చేదు విషం, ఆసుపత్రి దాకా తీసుకెళ్తుంది.

వంగ, టమాటా మొదటి వానాకాలంలో వద్దంటాను. ఇసక నేలల్లో కంటికి కనిపించని నులిపురుగులు ఎక్కువ. మొక్క పైకి బాగానే ఉంటుంది, నీళ్ళు పోస్తున్నా మధ్యాహ్నానికి వాడిపోతుంది, ఆకు పాలిపోతుంది. పీకి చూడండి. సన్నటి వేర్లనిండా పూసలు గుచ్చినట్టు బుడిపెలు ఉంటాయి. అలాంటి మడిలో వంగ, బెండ, టమాటా మళ్ళీ మళ్ళీ వెయ్యకూడదు. ఒక కారు బంతి వెయ్యండి, వేపపిండి కలపండి, ఆ తర్వాతే వంగనారు. వంగ పెట్టాక వాడి వాలిపోయిన కొమ్మ చివర కనిపిస్తే వేలెడు కిందికి తుంచి, చీల్చి చూడండి, లోపల లేత గులాబీరంగు పురుగు ఉంటుంది. ఆ కొనల్ని మడి పక్కన పడెయ్యకుండా కాల్చెయ్యండి. రెండు మడుల తోటకి చేతివేళ్ళకి మించిన మందు లేదు.

నీళ్ళు. ఇసకకి వారానికోసారి బిందెలకొద్దీ పొయ్యడం దండగ, జారిపోతాయి. రోజూ కొంచెం, ఎండాకాలం రెండు పూటలా కొంచెం. సముద్రానికి దగ్గరున్న ఊళ్ళలో బావినీళ్ళు నోట్లో పోసుకుని చూడండి. ఉప్పగా ఉంటే, లేదా మడి ఎండాక తెల్లటి పొర కడుతుంటే, బీన్సు, క్యారెట్టు, ఉల్లి జోలికి పోకండి, అవి ఓర్చవు. పాలకూర, బీట్‌రూట్ కొంతవరకు ఓర్చుకుంటాయి. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు పోసుకోవచ్చు. మినరల్ వాటర్ ప్లాంటు వెనక గొట్టంలోంచి పారిపోయే నీళ్ళు చూసి ఊరికే పోతున్నాయే అనిపిస్తుంది, వాటిని మాత్రం తేకండి. నీళ్ళలోంచి తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది.

ఇప్పుడు ఉద్దానం గురించి మాట్లాడుతూ దాటెయ్యలేని మాట. ఇక్కడి ఊళ్ళని పట్టుకున్న కిడ్నీ జబ్బు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు, అదే రోజు హిరమండలం నుంచి వంశధార నీళ్ళు తెచ్చే తాగునీటి పథకం కూడా మొదలైంది. ఈ జబ్బుకి కారణం ఇదేనని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. మందులు కొట్టని కూర తింటే కిడ్నీలు బాగవుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. పెరటితోట మంచిదే, వైద్యం మాత్రం కాదు. పైగా కిడ్నీ దెబ్బతిన్న మనిషికి కొన్ని కూరలు కీడు చేస్తాయి. వాళ్ళ ఒంట్లోంచి పొటాషియం సరిగా బయటికి పోదు, అది ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. ఆకుకూరలు, మునగాకు, టమాటా, కంద, అరటిపండు, అన్నిట్లో అది ఎక్కువ. ఉద్దానానికి పేరు తెచ్చిన కొబ్బరినీళ్ళు, జీడిపప్పు, పనసతొన, మూడూ వాళ్ళకి డాక్టరు కొలిచి చెప్పాల్సినవే.

అందుకని ఇంట్లో అలాంటి మనిషి ఉంటే తోట లెక్క మార్చండి. పిల్లలకి ఒక మడి ఆకుకూర ఉండనివ్వండి. పాదులు రెండు మూడు పెంచండి, ఆనప, బీర, పొట్ల, దోస. వీటిలో పొటాషియం తక్కువ. ఏ కూరైనా సన్నగా తరిగి, వేడినీళ్ళలో నానబెట్టి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండితే ఇంకొంత తగ్గుతుంది. మామూలుగా కూర ఉడికిన నీళ్ళు పారబొయ్యద్దంటాం, ఇక్కడ పారబొయ్యాలి. ఎంత, ఏది అన్నది మీ డాక్టరు రక్తపరీక్ష చూసి చెప్పినదే ప్రమాణం. కొట్లో తక్కువ సోడియం అని అమ్మే ఉప్పు కూడా వాళ్ళకి పెట్టకండి, సోడియం తగ్గించిన చోట వేసేది పొటాషియమే. ఇంకొకటి. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు పొలాల్లో, శ్రీలంక అనూరాధపురం ఊళ్ళలో మనదిలాంటి జబ్బే ఉంది, మండుటెండలో నీళ్ళు తాగకుండా చేసే పనిమీద ఆ చెరకు పొలాల దేశాల్లో గట్టిగా అనుమానపడుతున్నారు. మడి పని ఉదయం తొమ్మిదిలోగా, సాయంత్రం నాలుగు దాటాక పెట్టుకోండి, పక్కన చెంబుతో నీళ్ళు ఉంచుకోండి.

కాలం సంగతి. మృగశిర కార్తెలో వాన పడగానే తోటకూర, బెండ, ఆనప మొదలుపెట్టవచ్చు. పాదుచిక్కుడు ఆషాఢ శ్రావణాల్లో పెట్టండి, ఎప్పుడు పెట్టినా అది చలి మొదలయ్యాకే పూస్తుంది, తొందరపడి లాభం లేదు. అక్టోబరు మనకి గండం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే. అందుకే పందిరి మనిషెత్తు వెయ్యకండి, ఛాతీ ఎత్తు చాలు. గుంజలు రెండడుగులు లోపలికి దించి, కొబ్బరితాడుతో నాలుగు మూలలా నేలకి లాగి కట్టండి. తుపాను హెచ్చరిక వినగానే కాయలన్నీ కోసేసి, తాళ్ళు విప్పి, పందిరిని తీగతో సహా నేలమీదికి దించెయ్యండి. సగం తీగ చచ్చినా మొదలు బతుకుతుంది, మళ్ళీ చిగురేస్తుంది. గాలివాన పోయిన మర్నాడే ఖాళీ మడిలో తోటకూర, మెంతి చల్లండి. దారులు తెగి, బజారుకి కూర రాని రోజుల్లో అదే అక్కరకొస్తుంది. వంగ, టమాటా నారు నాగులచవితి దాటాక నాటుకోండి. చలికాలమంతా వాటిదే.

కాశీబుగ్గలో అద్దె గదుల్లో ఉంటున్నాం, పెరడు లేదు, మేడ మెట్లమీద నాలుగు గంటల ఎండ ఉంది, మేమేం చెయ్యాలి అని అడిగేవాళ్ళున్నారు. ఖాళీ సిమెంటు సంచి బాగా దులిపి కడిగి, అంచు సగానికి మడిచి, అడుగున నాలుగు కన్నాలు పెట్టండి. సగం మట్టి, పావు గెత్తం, పావు కడిగిన కొబ్బరి పొట్టు. తీగ బచ్చలిని బజారులో కొన్నప్పుడు ముదురు కాడలు రెండు జానెడేసి తీసి ఉంచి, రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చండి. విత్తనం కూడా కొనక్కర్లేదు. వారం పది రోజుల్లో కణుపు దగ్గర కొత్త ఆకు కనిపిస్తుంది. మెట్ల కడ్డీకి పాకించుకోండి, ఇంటివాళ్ళని ఒకమాట అడిగి.